మదర్‌బోర్డు కొనేటప్పుడు అది పాడయ్యే రోజు గుర్తుపెట్టుకోండి

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా వచ్చేస్తుంది. నాది డీటీపీ, వీడియో మిక్సింగ్ షాపు. పెళ్ళికార్డు ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క ఒడియాలో కొట్టించుకునే ఊరు మాది, ఆ పనితో పాటు చుట్టుపక్కల ఫోటో స్టూడియోల వాళ్ళకి కంప్యూటర్లు కూడా నేనే అసెంబుల్ చేసి ఇస్తుంటాను. ఇన్నేళ్ళలో నేను చూసిందేంటంటే, వచ్చిన ప్రతివాడూ ప్రాసెసర్ పేరు నోటికి చెప్తాడు, గ్రాఫిక్స్ కార్డు నంబర్ చెప్తాడు, ర్యాం ఎంతో చెప్తాడు, వీటన్నిటినీ కలిపి పట్టుకునే మదర్‌బోర్డు దగ్గరకొచ్చేసరికి "ఏదో ఒకటి వేసీ అన్నా, తక్కువలో" అంటాడు. వీడియోల్లో చెప్పేవాళ్ళు కూడా అదే నేర్పారు, బోర్డు వల్ల స్పీడ్ రాదు, అక్కడ మిగిల్చి గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి అని. పెద్ద సిటీలో ఉన్నవాళ్ళకి ఆ మాట కొంతవరకు నడుస్తుందేమో గానీ మాలాంటి ఊళ్ళకి నడవదు, నా గట్టి నమ్మకం ఇది, ఎందుకో వివరంగా రాస్తాను.

ర్యాం పోతే ఇంకో స్టిక్కు పెట్టి ఆ రోజుకి పని కానిచ్చుకోవచ్చు. హార్డ్‌డిస్కు పోతే డేటా పోయిన బాధ ఉంటుంది గానీ కొత్తది సాయంత్రానికల్లా పెట్టేయొచ్చు. పవర్ సప్లై పోతే పక్క షాపులో అరువు తెచ్చుకోవచ్చు. బోర్డు పోయిందంటే మాత్రం షాపు మూసుకోవడమే, ఎందుకంటే దానికి సరిపోయే ఇంకో బోర్డు మా ఊళ్ళో ఎవరి దగ్గరా ఉండదు, సర్వీస్ సెంటర్ కావాలంటే పొద్దున్న మొదటి బస్సెక్కి శ్రీకాకుళం, అక్కడ మారి వైజాగ్, ఇటు పోతే బరంపురం, భువనేశ్వర్. అందుకే నేను బోర్డు చూసేటప్పుడు అది ఎంత బాగా నడుస్తుందా అని కాకుండా, చెడిపోయిన రోజు నన్ను ఎన్ని రోజులు కూర్చోబెడుతుందా అని చూస్తాను.

రెండు వేసవుల కిందట జరిగింది ఒకటి చెప్తాను. మా బావకి పెళ్ళి వీడియోల పని, కెమెరాలు రెండు, కుర్రాళ్ళు ముగ్గురు. ఇంటెల్ ఐ7-12700 కొనుక్కున్నాడు, ఐ3, ఐ5ల కంటే పై మెట్టుది, మంచి ప్రాసెసర్, నేను కాదనను. దాని కింద హెచ్610 బోర్డు (హెచ్610 అనేది బోర్డు మీదున్న చిప్‌సెట్ పేరు, బోర్డుని ఆ పేరుతోనే పిలుస్తాం), ఆ షాపువాడి దగ్గరున్న వాటిలో అన్నిటికంటే తక్కువది, అంటగట్టేశారు. మాఘంలో కొన్నాడు, అప్పుడంతా బాగానే ఉంది. మే నెల వచ్చింది, మధ్యాహ్నాలు ఫోన్ చేయడం మొదలెట్టాడు, "బావా, పొద్దున్న అరగంటలో అయ్యే రెండర్ మధ్యాహ్నం గంటన్నర పడతాంది, ఏటైపోనాదో చూడవేటి" అని. ఎడిట్ చేసిన వీడియోని ఒక్క ఫైలుగా తయారుచేయడాన్నే రెండర్ అంటాం. వైరస్ అనుకుని విండోస్ మార్పించాడు ఒకసారి. ప్రాసెసర్ పేస్టు మార్పించాడు. కూలర్ పెద్దది కొన్నాడు. ఏం తేడా లేదు.

నేను వెళ్ళి సైడు తలుపు తీసి రెండర్ పెట్టించి కూర్చున్నాను. ప్రాసెసర్ వేడి చూస్తే 70 దాటట్లేదు, అంటే కూలర్ బాగానే పనిచేస్తుంది, అయినా పది నిమిషాలకి స్పీడ్ దబ్బున సగానికి పైగా పడిపోయింది, కాసేపటికి మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి ఎడం పక్కన నల్లటి చిన్న చిన్న చిప్పులు వరసగా ఉంటాయి చూడండి, వాటి పక్కన బూడిదరంగు డబ్బాల్లాంటి కాయిల్స్, ఆ వరస మీద హీట్‌సింక్, అంటే వేడి లాగే లోహపు దిమ్మ, అన్నదే లేదు. దగ్గర్లో వేలు పెడితేనే సెగ కొట్టింది. బావ వాళ్ళ హాల్లో ఉన్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి సరిగ్గా ఆ వరస మీదకి తిప్పి పెట్టాను. రెండు నిమిషాల్లో స్పీడ్ నిలబడిపోయింది, రెండర్ అయ్యేదాకా మళ్ళీ పడలేదు. బావ ఆ ఫ్యాన్ కేసి చూసి మరేం మాట్లాడలేదు. ఆ ఎండాకాలమంతా టేబుల్ ఫ్యాను ఇంట్లోవాళ్ళకి లేదు, కంప్యూటర్‌కే.

ఆ చిప్పుల వరసనే వీఆర్‌ఎం అంటారు. పవర్ సప్లై నుంచి 12 వోల్టులు వస్తే దాన్ని ప్రాసెసర్ తినే 1.2 దరిదాపుల వోల్టులకి దించే పని దానిది. ఐ7-12700 పెట్టె మీద 65 వాట్లు అని రాసి ఉంటుంది గానీ అది మామూలు లెక్క, ఫుల్లుగా నడిచినప్పుడు 180 వాట్ల దాకా లాగుతుందని ఇంటెల్ వాళ్ళ లెక్కల్లోనే ఉంది. 180 వాట్లని 1.2తో భాగించండి, 150 ఆంపియర్లు. మన ఇంట్లో ఏసీకి వేసే ఎంసీబీ 16కో 20కో ఉంటుంది, వోల్టులు వేరు కాబట్టి రెండూ ఒకటి అనట్లేదు, కానీ అరచేతిలో పట్టేంత జాగా నుంచి 150 ఆంపియర్లు పోతున్నాయంటే ఆ చిప్పుల పరిస్థితి ఆలోచించండి. ఆ భారాన్ని నాలుగు ఫేజులు (చిప్పులు, కాయిల్ కలిసిన ఒక్కో జట్టు ఒక ఫేజు) మోస్తే ఒకలా ఉంటుంది, పది మోస్తే ఒకలా ఉంటుంది, మోస్తున్నవాటి మీద హీట్‌సింక్ ఉంటే ఇంకోలా ఉంటుంది. వేడి హద్దు దాటితే బోర్డు తనని తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్‌ని నొక్కేస్తుంది. అంటే బావ ఐ7కి డబ్బులిచ్చి మధ్యాహ్నం పూట ఐ3 నడుపుకున్నాడు. బోర్డు వల్ల స్పీడ్ రాదు అన్నది నిజమే, కానీ ఉన్న స్పీడ్‌ని మింగేసేది బోర్డే. ఏసీ గదిలో కూర్చుని టెస్ట్ చేసిన వీడియోలో ఇది కనపడదు, మా రేకుల షెడ్డు స్టూడియోలో మే నెల రెండు గంటలకి కనపడుతుంది.

అలాగని హెచ్610 చెడ్డదని కాదు. ఐ3-12100 పెట్టుకుని పెళ్ళికార్డులు, జెరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసుకునేవాడికి అది చక్కగా సరిపోతుంది, అంతకు మించి పెట్టించడం అన్యాయం. మా షాపు ముందు కౌంటర్లో నాకున్నది అదే. అవతలి కొసన జడ్790 లాంటివి, ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసుకునేవాళ్ళకి, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువకి తిప్పుకునేవాళ్ళకి, పెళ్ళి వీడియోలు చేసేవాడికి అవి పూర్తిగా దండగ. మధ్యలో బి660, బి760, ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీలో అయితే బి550, బి650, మా పనులకి కావలసిందంతా ఇక్కడే ఉంది. అయితే బి అన్న అక్షరం చూసి మోసపోవద్దు, హెచ్610 కంటే అధ్వాన్నమైన వీఆర్‌ఎంతో వచ్చే బి బోర్డులు కూడా ఉన్నాయి. బోర్డు ఫోటో పెద్దది చేసి చూడండి, ఆ చిప్పుల వరస మీద నిజమైన లోహపు దిమ్మ ఉందా, స్క్రూలతో బిగించారా, ప్రాసెసర్ కరెంటు కనెక్టర్ 8 పిన్నులదా, 4 పిన్నులతో సరిపెట్టేశారా. రంగుల లైట్ల మాట మర్చిపోండి.

ఇక నా సొంత బోర్డు సంగతి. 2024 మే, వడగళ్ళ వాన కురిసిన సాయంత్రం. మా వైపు ఉరుములు మెరుపులు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మెయిన్ స్విచ్ ఆపేశాను, కంప్యూటర్ ప్లగ్గు పీకేశాను, ఇంటర్నెట్ తీగ మర్చిపోయాను. కేబుల్ ఇంటర్నెట్ వాళ్ళ బాక్స్ నుంచి రాగి ల్యాన్ తీగ రెండు డాబాల మీంచి మా షాపులోకి వచ్చేది అప్పట్లో. ఎక్కడో దగ్గర్లో పడింది పిడుగు. పొద్దున్న ఆన్ చేస్తే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. బోర్డు బయటికి తీసి టార్చి వేసి చూస్తే ల్యాన్ పోర్టు వెనక ఉన్న చిన్న చిప్పు మధ్యలో సూదితో గుచ్చినట్టు గుంట, చుట్టూ నల్లగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన.

వారంటీ ఇంకా ఏడెనిమిది నెలలుంది. పిడుగు దెబ్బకి ఇస్తారో లేదో అని అనుమానంగానే ఉన్నా అడిగి చూద్దామని బోర్డుని పాత టవల్లో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కౌంటర్లో అబ్బాయి భూతద్దం పెట్టి చూసి, పిడుగు గురించి ఒక్క మాట కూడా అడక్కుండా, "సార్, సాకెట్లో రెండు పిన్నులు వంగాయి, వారంటీ వర్తించదు" అన్నాడు. ఇంటెల్ బోర్డుల్లో, ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లో కూడా, పిన్నులు బోర్డు మీద ఉంటాయి, వెంట్రుకంత సన్నంగా, నా దాంట్లో 1200. కొత్త బోర్డు వచ్చినప్పుడు వాటి మీద నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది, ప్రాసెసర్ పెట్టగానే ఊడి వచ్చేస్తుంది, అందరం చెత్తబుట్టలో వేసేస్తాం. ఆ మూత లేకుండా టవల్లో చుట్టి నాలుగైదు గంటలు బస్సులో తీసుకెళ్ళాను నేను. పిన్నులు ముందే వంగున్నాయో, దారిలో టవల్ దారం తగులుకుని వంగాయో నాకు ఈరోజుకీ తెలీదు, నిరూపించుకోవడానికి నా దగ్గర ఒక ఫోటో అయినా లేదు.

అసలు కథ తర్వాత మొదలైంది. ప్రాసెసర్ ఐ5-10400 నిక్షేపంగా ఉంది, ర్యాం నాలుగు స్టిక్కులున్నాయి, డిస్కులున్నాయి, బోర్డు ఒక్కటే కావాలి. ఆ సాకెట్ పేరు ఎల్‌జీఏ1200, ఇంటెల్ వాళ్ళు 2020లో తెచ్చి 10, 11 జనరేషన్లకి వాడి 2021 చివర్లోనే 12వ జనరేషన్‌తో కొత్త సాకెట్ ఎల్‌జీఏ1700కి వెళ్ళిపోయారు. మూడేళ్ళ తర్వాత నాకు కావలసిన బి560 ఎక్కడ అడిగినా లేదు. దొరికింది హెచ్510 ఒక్కటే, దానికి ర్యాం స్లాట్లు రెండే. నాలుగు స్టిక్కుల్లో రెండు తీసి పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. పదకొండు రోజులు షాపులో వీడియో పని లేదు, సరిగ్గా పెళ్ళిళ్ళ సీజన్‌లో, ఒప్పుకున్న రెండు పెళ్ళిళ్ళు పాతపట్నంలో వేరే స్టూడియోకి నేనే అప్పగించి వచ్చాను.

అప్పుడు నాకు వెలిగింది ఒకటి. సాకెట్ ఎక్కువ కాలం ఉంటే తర్వాత కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చని అందరూ చెప్తారు, నిజమే, కానీ మా ఊళ్ళో ప్రాసెసర్ మార్చేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సాకెట్ బతికుంటే బోర్డు పోయినప్పుడు ఇంకో బోర్డు దొరుకుతుంది, మాకు పనికొచ్చేది అది. ఏఎండీ ఏఎం4 సాకెట్ చూడండి, 2017లో రైజెన్ ప్రాసెసర్లతో బజార్లోకి వచ్చింది, 2022లో 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూడా దాని మీదే వచ్చింది. మధ్యలో 2020లో పాత 400 సిరీస్ బోర్డులకి కొత్త 5000 ప్రాసెసర్లు ఇవ్వం అన్నారు, జనం గట్టిగా అడిగితే వెనక్కి తగ్గారు. ఆ బోర్డు ఇప్పుడు పోయినా నిశ్చింతగా ఇంకోటి కొనుక్కోవచ్చు. ఏఎం5 2022లో వచ్చింది, 2027 దాకా, ఆపైన కూడా నడుపుతామని కంపెనీవాళ్ళే చెప్పారు. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1700 మూడు జనరేషన్లు నడిచింది, 2024 అక్టోబరులో కొత్త సాకెట్ వచ్చేసింది, అయినా ఎల్‌జీఏ1700 బోర్డులు చాలా అమ్ముడయ్యాయి కాబట్టి ఇంకొన్నాళ్ళు దొరుకుతాయని నా అంచనా.

వీడియో పనివాళ్ళకి ఇంటెల్ వద్దని మాత్రం అనలేను. ఇప్పుడొచ్చే కెమెరాల్లో హెచ్.265లో తీసిన 10 బిట్ 4:2:2 ఫుటేజీని (రంగుల వివరం ఎక్కువుండే బరువైన ఫైళ్ళు) లోపలి గ్రాఫిక్స్‌తోనే సాఫీగా నడిపిస్తుంది 12వ జనరేషన్ ఇంటెల్, అయితే పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ కొంటే ఆ లోపలి గ్రాఫిక్స్ ఉండదు, చూసుకోండి. ఎల్‌జీఏ1700 బోర్డులు ర్యాం రకాన్ని బట్టి డీడీఆర్4వి, డీడీఆర్5వి విడివిడిగా ఉంటాయి, ఒకదాని ర్యాం ఇంకోదాంట్లో దిగదు. 2025 చివర్నించి ర్యాం రేట్లు మండిపోతున్నాయి కదా, పాత డీడీఆర్4 స్టిక్కులు మంచివి ఉన్నవాళ్ళు ఆ రకం బోర్డు నాలుగు స్లాట్లది వెతుక్కుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

మా గురువు ఒకాయన రేడియో మెకానిక్, కంప్యూటర్లొచ్చాక బోర్డులు కూడా బాగుచేసేవారు. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు ప్రపంచమంతటా బోర్డుల్లో కెపాసిటర్లు ఉబ్బి పైకప్పు పగిలి గోధుమరంగు జిగురు కారేది, లోపల పోసిన ఎలక్ట్రొలైట్ సరైంది కాక. అలాంటి బోర్డు తీసుకెళ్తే ఆయన ఉబ్బినవి పీకి, కొత్తవి టంకం పెట్టి, సాయంత్రానికి చేతిలో పెట్టేవారు, ముప్ఫయ్యో నలభయ్యో తీసుకునేవారు. ఇప్పటి బోర్డుల్లో ఆ సమస్య పోయింది, మంచి గట్టి కెపాసిటర్లు వేస్తున్నారు, కానీ దాంతోపాటు ఆ ముప్ఫై రూపాయల వైద్యం కూడా పోయింది. ఆవగింజంత పార్టులు, ఎన్నో పొరల బోర్డు, మా ఊళ్ళో చేయగలిగినవాళ్ళు లేరు. బోర్డు ఎంచుకోవడంలో తప్పు చేస్తే దిద్దుకునే దారి మా చేతుల్లోంచి పోయిందని నేను అనేది అందుకే.

బయోస్ గురించి కూడా చెప్పాలి, కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్ అది, చాలామంది పట్టించుకోరు. ఒక స్టూడియో కుర్రాడికి బి450 బోర్డు, రైజెన్ 5600 తెప్పించి బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు. బోర్డు డబ్బాలో ఎన్నాళ్ళు పడుందో గానీ లోపల బయోస్ ఆ ప్రాసెసర్ పుట్టక ముందుది, దానికి అదేంటో తెలీదు. పాత రైజెన్ ఒకటి పెట్టి బయోస్ అప్‌డేట్ చేసి మళ్ళీ కొత్తది పెట్టాలి, పాత రైజెన్ ఎవరి దగ్గరుంది? మూడు రోజులు ఫోన్లు చేసి చివరికి పాతపట్నంలో ఒక నెట్ సెంటర్ అన్నయ్యని బతిమాలి ఆయన నడుస్తున్న కంప్యూటర్లోంచి 2200జీ గంట సేపు అడిగి తెచ్చుకున్నాను. కొన్ని బోర్డులకి వెనకాల బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, ప్రాసెసర్ లేకపోయినా, ర్యాం లేకపోయినా, పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కితే అప్‌డేట్ అయిపోతుంది. ఆ బటన్ ఉన్న బోర్డుకి వెయ్యి, పదిహేను వందలు ఎక్కువైనా నేను పెట్టిస్తాను ఇప్పుడు. బోర్డు మీద ప్రాసెసర్, ర్యాం, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉండే బోర్డయితే ఇంకా మంచిది, తప్పు ఎక్కడుందో అదే చెప్తుంది, ఫోన్లోనే అడిగి తెలుసుకుని సరైన పార్టు పట్టుకుని వెళ్ళొచ్చు. ఇంటెల్ 13, 14 జనరేషన్ పెద్ద ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీకి పాడవుతున్నాయని తేలి 2024 ఆగస్టు నుంచి సర్దుబాట్లు ఇచ్చారు చూడండి, ఆ మందు కూడా బయోస్ అప్‌డేట్‌గానే వచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచారు కూడా. బోర్డు కంపెనీ పాత మోడళ్ళకి కూడా అప్‌డేట్లు ఇస్తుందా లేదా అన్నది వాళ్ళ సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిచి తేదీలు చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

డిస్కులు ఎక్కువ వాడే వీడియో వాళ్ళు ఒకటి చూసుకోవాలి, కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్‌లో (బోర్డు మీదే పడుకోబెట్టే సన్నటి ఎస్ఎస్‌డీల స్లాట్) ఎస్ఎస్‌డీ పెడితే, తీగతో డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఒకటో రెండో పనిచేయడం మానేస్తాయి, మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనకముందే చదవండి.

నాకు బాగా కోపం వచ్చేది ఇంకో రకం వ్యాపారం. ఐ5 కంప్యూటర్, ఎస్ఎస్‌డీ, మానిటర్ అన్నీ కలిపి పదమూడు వేలు అని అమ్ముతుంటారు, పిల్లాడు డిగ్రీలో చేరాడని అప్పు చేసి కొంటారు ఊళ్ళవాళ్ళు. తెరిస్తే లోపల కొత్త డబ్బాలో వచ్చిన హెచ్61 బోర్డు, 2011 నాటి చిప్‌సెట్, ఎప్పుడో వాడి పీకేసిన మూడో జనరేషన్ ఐ5. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది, విండోస్ 11కి ఎనిమిదో జనరేషన్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలంటుంది, ఆ బోర్డు మీద అదెలా ఎక్కుతుంది? ఐ5 అన్న మాట అబద్ధం కాదు, అందుకే ఎవరూ నిలదీయలేరు. "ఐ5యేనా" అని కాదు, "ఏ జనరేషన్, ఏ బోర్డు" అని అడగండి, చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. అలాగే డబ్బా మీద ఇంపోర్టర్ పేరు, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ లేకపోతే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు, రేపు ఏ సర్వీస్ సెంటర్‌వాడూ దాన్ని ముట్టుకోడు.

బావకి ఈ మధ్యనే బోర్డు మార్చాను. ప్రాసెసర్ అదే, బి760, డీడీఆర్4, నాలుగు స్లాట్లు, వీఆర్‌ఎం రెండు పక్కలా బరువైన హీట్‌సింకులు, ఫ్లాష్‌బ్యాక్ బటన్. ఎంచుకునే ముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి వైజాగ్‌లోనే బోర్డు తీసుకుంటారా, కొరియర్‌లో పంపమంటారా, ఎన్ని రోజులు పడుతుంది అని అడిగి తెలుసుకున్నాం. నా షాపుకి ఇంటర్నెట్ ఇప్పుడు ఫైబర్, బయటి నుంచి రాగి తీగ లోపలికి రావట్లేదు, ఎర్తింగ్ గొయ్యి కొత్తగా తవ్వించాం. డబ్బా తెరవగానే సాకెట్ పిన్నుల్ని దగ్గర్నించి నాలుగు ఫోటోలు తీసి, బిల్లు ఫోటోతో కలిపి బావ ఫోన్లో, నా ఫోన్లో దాచాం. టేబుల్ ఫ్యాన్ మళ్ళీ హాల్లోకి వెళ్ళింది, మా చెల్లి ఫోన్ చేసి మరీ చెప్పింది.

మూతలు మాత్రం నేను దాస్తున్నాను. అగరొత్తుల డబ్బా ఒకటి కౌంటర్ కింద పెట్టుకున్నాను, బిగించిన ప్రతి బోర్డు మూత మీద కొన్నవాళ్ళ పేరు, తేదీ మార్కర్‌తో రాసి అందులో వేస్తాను. ఇప్పటికి పంతొమ్మిదున్నాయి. పేర్లు లేనివి కూడా నాలుగైదు ఉన్నాయి, ఎల్‌జీఏ1200వి, 1700వి. ఇటు కాశీనగర్, గుణుపురం వైపు నుంచి గానీ అటు పాతపట్నం, టెక్కలి వైపు నుంచి గానీ బోర్డు వారంటీకి పట్టుకెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే షాపుకొచ్చి ఒకటి తీసుకెళ్ళండి, డబ్బులేం వద్దు.